వాల్వు ఆంప్లిఫయర్‌కు కరెంటు సరిగా అందనప్పుడు

వాల్వు ఆంప్లిఫయర్ మూగబోయినా, గుయ్‌మని మోగినా, వేసిన ఫ్యూజు వేసినట్టే కొట్టేసినా ముందుగా చూడాల్సింది పవర్ సప్లైనే. సెట్టు మొత్తంలో ఎక్కువ వోల్టేజీని భరించే భాగాలు అక్కడే ఉంటాయి. వేడికి ఎండిపోయే పెద్ద కండెన్సర్లు కూడా అక్కడే ఉంటాయి. పవర్ సప్లై చేయాల్సిన పనులు రెండు. వాల్వు లోపలి హీటర్‌ను కాల్చడానికి సాధారణంగా 6.3 వోల్టుల ఏసీ ఇవ్వాలి, దీన్ని ఎల్‌టీ అంటారు. వాల్వు ప్లేటుకు 250 నుంచి 450 వోల్టుల దాకా నికరమైన డీసీ ఇవ్వాలి, అది హెచ్‌టీ. ఈ రెంటిలో ఏది తగ్గినా, పెరిగినా, హెచ్‌టీలో ఏసీ అల మిగిలిపోయినా ఆ తేడా స్పీకర్‌లో వినిపిస్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈ పవర్ సప్లై ఎన్నో వేషాలు మార్చింది. 1935లో హైదరాబాద్ నుంచి దక్కన్ రేడియో మాట్లాడడం మొదలైనప్పుడు ఈ జిల్లాల్లో చాలా ఊళ్లకు కరెంటు లేదు. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసిన తర్వాత కూడా చాలాకాలం అదే పరిస్థితి. అలాంటి ఊళ్లలో వాల్వు రేడియో నడవాలంటే 90 వోల్టుల డ్రై బ్యాటరీ ఒకటి, ఫిలమెంటు కోసం ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఇంకొకటి కావాలి. సభలకు, పెళ్లిళ్లకు మైకు సెట్టు పెట్టాలంటే లారీ బ్యాటరీకి వైబ్రేటర్ తగిలించేవారు. లోపలి ఇనుప నాలుక సెకనుకు వంద సార్లకు అటూఇటుగా కొట్టుకుంటూ డీసీని తెంపి తెంపి ట్రాన్స్‌ఫార్మర్‌కు అందించేది. డేరా టాకీసుల వెంట ఆయిల్ ఇంజన్, డైనమో వచ్చేవి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల మొదట్లో రేడియో వాల్వులు తయారు చేయడం మొదలుపెట్టింది. ఊళ్లకు కరెంటు స్తంభాలు వచ్చాక మైకు సెట్లు బ్యాటరీని వదిలి గోడ ప్లగ్గుకు మారాయి. పాత మైకు సెట్ల వాళ్ల దగ్గర అటక మీద ఇప్పటికీ ఉన్న వాల్వు ఆంప్లిఫయర్లు, పాటల మీద ఇష్టంతో కొందరు బాగు చేయించుకుంటున్న పెద్ద రేడియోలు ఆ కాలానివే.

అందుకే ఈ ప్రాంతంలో పవర్ సప్లై లోపం వెతికేటప్పుడు లెక్క ప్లగ్గు దగ్గర కాకుండా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టాలి. ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. పొడవాటి లైను చివర ఉన్న ఊరిలో బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే అది 180కి దిగడం కొత్త సంగతి కాదు. 180 వోల్టుల దగ్గర 6.3 వోల్టుల హీటర్‌కు అందేది 4.9 వోల్టులే. హీటర్ వోల్టేజీ పది శాతం అటూఇటూ కావచ్చని తయారీదార్లు చెబుతారు, అంటే 5.7 కన్నా తగ్గకూడదు. 300 ఉండాల్సిన హెచ్‌టీ కూడా దాదాపు 235కు పడిపోతుంది. పాట సన్నగా, బొంగురుగా వస్తుంది. అలాగే నెలల తరబడి నడిపితే చాలినంత కాలని కాథోడ్ మీది పూత చెడిపోయి, ఆ తర్వాత వోల్టేజీ బాగుపడినా వాల్వు కోలుకోదు. ఇక్కడ సెట్టులో ఏ భాగమూ పాడవలేదు. కొత్త వాల్వు వేసినా ఫలితం ఉండదు, స్టెబిలైజర్ పెట్టాలి.

దీనికి అటువైపు ఉన్న ప్రమాదం మరీ పెద్దది. పాత సెట్ల వెనక చిన్న వోల్టేజీ సెలెక్టర్ ఉంటుంది. 200, 220, 245 అని గుర్తులు వేసి, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి వేరువేరు ట్యాపులు ఇచ్చి ఉంటారు. వోల్టేజీ పడిపోయే ఊళ్లో సెట్టు గట్టిగా పాడాలని దాన్ని 200 మీద పెట్టడం తేలిక ఉపాయం. తర్వాత కొత్త సబ్‌స్టేషన్ వస్తుంది, లైన్లు బాగుపడతాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడంతో మోటార్లన్నీ ఒకే గడియలో నడవాల్సిన అవసరమూ తగ్గింది. అదే సెట్టును ఇప్పుడు అటక మీది నుంచి దించి ప్లగ్గు పెడితే, సెలెక్టర్ ఇంకా 200 మీదే ఉంటుంది, లైనులో 240 ఉంటుంది. హీటర్‌కు 6.3 బదులు దాదాపు 7.6 వోల్టులు వస్తాయి. 400 వోల్టుల హెచ్‌టీ 480కి ఎక్కుతుంది, దాన్ని ఆపాల్సిన కండెన్సర్ మీద రాసి ఉన్నది 450. అది పేలడానికి ఇక వేరే కారణం అక్కర్లేదు. ఈ జిల్లాల్లో పాత సెట్టు చేతికి వచ్చినప్పుడు మూత విప్పకముందే వెనక తిప్పి సెలెక్టర్ ఎక్కడుందో చూడడం తప్పనిసరి.

న్యూట్రల్ తెగిపోవడం ఇంకో సంగతి. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ ఊడితే, రెండు వేరువేరు ఫేజుల మీదున్న ఇళ్లు 400 వోల్టుల మధ్య ఒకదాని వెంట ఒకటి తగిలించినట్టవుతాయి. ఎవరింట్లో లోడు తక్కువగా ఉంటే వారింటికి వోల్టేజీ ఎక్కువ పోతుంది. ఒక్క బుగ్గ, ఒక్క ఆంప్లిఫయర్ నడుస్తున్న ఇల్లు బాగా దెబ్బతింటుంది. ఒకే రాత్రి వాడకట్టులో నాలుగు టీవీలు కాలిపోయాయని విన్నప్పుడు ఆంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని, రెక్టిఫయర్‌ను, కండెన్సర్లను మూడింటినీ అనుమానించాలి.

ఇక సెట్టు లోపలికి. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 300-0-300 లాంటి జంట వోల్టేజీగా పెంచుతుంది, పక్కనే 6.3, 5 వోల్టుల చిన్న చుట్లు ఉంటాయి. 5వై3, 5యు4, జీజెడ్34, ఈజెడ్81 వంటి రెక్టిఫయర్ వాల్వు ఏసీని ఒకే దిక్కుకు పోనిచ్చి డీసీగా మారుస్తుంది. అయితే అది అలలు అలలుగా, సెకనుకు వంద సార్లు ఎగిసిపడుతూ వస్తుంది. ఆ అలలను మొదటి కండెన్సర్ పట్టి ఉంచుతుంది, తర్వాత చోక్ అనే తీగ చుట్ట, రెండో కండెన్సర్ కలిసి వాటిని దాదాపు చదును చేస్తాయి. విడతలు విడతలుగా కురిసిన వాన నీళ్లను పట్టుకుని తూము నుంచి ఒకే తీరుగా వదిలే చెరువు చేసేదీ ఇదే పని. చెరువులో పూడిక చేరినట్టు కండెన్సర్‌కు కెపాసిటీ తగ్గితే వాన వానగానే కిందికి పోతుంది.

దీన్ని అంకెల్లో చూస్తే వెతుకులాట సులువవుతుంది. సెట్టు 100 మిల్లీఆంపియర్లు లాగుతోంది, మొదటి కండెన్సర్ 32 మైక్రోఫారడ్లు అనుకుంటే, దాని మీద మిగిలే అల కింది నుంచి పైదాకా సుమారు 30 వోల్టులు. 10 హెన్రీల చోక్, ఇంకో 32 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఆ అలను సుమారు 125వ వంతుకు తగ్గిస్తాయి, అంటే పావు వోల్టు. చెవికి అది పెద్దగా తెలియదు. రెండో కండెన్సర్ ఎండిపోయి కెపాసిటీ పదో వంతుకు పడిపోతే అదే అల రెండున్నర వోల్టులవుతుంది. అప్పుడు మైకులో ఎవరూ మాట్లాడకపోయినా హారన్ గుయ్‌మంటూనే ఉంటుంది.

లోపల చెయ్యి పెట్టే ముందు ఒక పని ఎప్పుడూ మరవకూడదు. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో చార్జి నిలిచి ఉంటుంది. 64 మైక్రోఫారడ్లు, 400 వోల్టుల దగ్గర దాచుకునే శక్తి 5 జౌళ్లు. మనిషిని విసిరికొట్టడానికి అది చాలు, గుండె మీదుగా పోతే ప్రాణం తీయడానికీ చాలు. చార్జిని మెల్లగా వదిలించే బ్లీడర్ రెసిస్టర్ తెగిపోయి ఉంటే గంటల తర్వాత కూడా షాకు కొడుతుంది. 10 కిలోఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు మంచి ఇన్సులేషన్ ఉన్న తీగలు కట్టి, ఒక కొసను సెట్టు లోహపు చట్రానికి, అంటే చాసిస్‌కు బిగించి, రెండో కొసను కండెన్సర్ ప్లస్ కాలుకు ఆనిస్తే నాలుగైదు సెకన్లలో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మీటర్ పెట్టి సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో నేరుగా షార్ట్ చేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది, అది కండెన్సర్‌కూ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు మీటర్ నెగెటివ్ క్లిప్పును ముందే చాసిస్‌కు తగిలించి, ఒక్క చేత్తోనే కొలవాలి. రెండో చెయ్యి జేబులో ఉండాలి, కాళ్ల కింద పొడి చెక్క ఉండాలి.

ఈ గుయ్‌మనే మోతను హమ్ అంటారు, దాని రకాన్ని బట్టి సగం లోపం తెలిసిపోతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ చేసే గుయ్‌మనే శబ్దం 100 హెర్ట్‌జ్‌ది. ఆంప్లిఫయర్ హమ్ అదే శ్రుతిలో ఉంటే ఫిల్టర్ కండెన్సర్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు. అంతకన్నా ఒక స్థాయి కింద, బరువుగా ఉంటే అది 50 హెర్ట్‌జ్. అప్పుడు రెక్టిఫయర్‌లో ఒక సగం పనిచేయడం మానేసి ఉంటుంది, లేదా హీటర్ ఏసీ కాథోడ్‌లోకి జారుతూ ఉంటుంది. వాల్యూమ్ సున్నాకు తిప్పినా హమ్ తగ్గకపోతే లోపం పవర్ సప్లైలోనో, అవుట్‌పుట్ వాల్వు దగ్గరో ఉంది. తగ్గితే ముందున్న వాల్వుల దగ్గర, మైకు తీగ షీల్డు దగ్గర వెతకాలి. దూరంగా ఆయిల్ ఇంజన్ కొట్టినట్టు టుక్ టుక్ టుక్ అని ఆగకుండా వస్తే మొదటి వాల్వులకు హెచ్‌టీ అందించే డీకప్లింగ్ కండెన్సర్ ఎండిపోయిందని గట్టిగానే అనుకోవచ్చు. అది ఎండితే చివరి వాల్వు లాగే కరెంటు ఊగిసలాట వెనక్కి వచ్చి మొదటి వాల్వును ఊపుతుంది.

ఫ్యూజు కొట్టేసిన సెట్టుకు చేయకూడని పని ఇంకో ఫ్యూజు వేసి చూడడం. అంతకన్నా చెడ్డది రాగి తీగ చుట్టడం, అలా చుట్టిన సెట్లలో ఫ్యూజు బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. పోయిన ఫ్యూజు గాజు కూడా సంగతి చెబుతుంది. లోపల నల్లగా, అద్దంలా పూత పడి ఉంటే గట్టి షార్ట్ జరిగింది. తీగ మధ్యలో కరిగి ఊరికే తెగి ఉంటే కొద్దిపాటి ఎక్కువ లోడు చాలాసేపు నడిచింది, లేదా ఫ్యూజే పాతబడింది.

ఇక్కడ అక్కరకొచ్చే పనిముట్టు ఎలక్ట్రీషియన్లందరి దగ్గరా ఉండే సీరీస్ బోర్డు. 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బుగ్గను ఫేజు తీగకు సీరీస్‌లో పెట్టి దాని వెనక సెట్టును నడుపుతారు. ఎల్ఈడీ బుగ్గ దీనికి పనికిరాదు. సెట్టులో పూర్తి షార్ట్ ఉన్నా బుగ్గ గుండా పావు ఆంపియర్‌కు మించి పోదు, బుగ్గ పూర్తిగా వెలుగుతుంది, సెట్టుకు ఏమీ కాదు. ముందు వాల్వులన్నీ పీకేసి స్విచ్ వేయాలి. మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఉన్నప్పుడు బుగ్గ మిణుకుమని ఆరిపోతుంది, లేదా సన్నటి ఎరుపు మిగులుతుంది. అప్పుడే ప్రకాశంగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి, లేదా సెకండరీ తీగ ఎక్కడో చాసిస్‌కు తగులుతోంది. సెకండరీ తీగలన్నీ విప్పి మళ్లీ చూస్తే ఆ రెంటిలో ఏదో తేలుతుంది. బుగ్గ మంచిగా ఆరితే రెక్టిఫయర్ ఒక్కటి పెట్టి చూడాలి. ఇప్పుడు వెలిగితే రెక్టిఫయర్ వాల్వో, దాని వెంటనే ఉన్న కండెన్సరో షార్ట్. అక్కడా బాగుంటే ఒక్కో వాల్వు పెడుతూ పోవాలి. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే లోపం ఏ మెట్టు దగ్గరుందో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఓమ్ మీటర్‌ను పూర్తిగా నమ్మలేం. చుట్టు తెగిపోతే మీటర్ చెబుతుంది, రెండు చుట్లు అంటుకుంటే చెప్పదు, ఎందుకంటే వందల ఓముల్లో ఒక చుట్టు తేడా కనిపించదు. హెచ్‌టీ చుట్టు రెండు సగాలకూ ఓములు సరిగ్గా ఒకేలా లేకపోయినా భయపడక్కర్లేదు, పైన చుట్టిన సగానికి తీగ ఎక్కువ పడుతుంది. వోల్టేజీ మాత్రం రెండు పక్కలా సమానంగా రావాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ ప్రాంతంలో ఒక వసతి ఉంది. బోర్లు ఎక్కువ కాబట్టి మోటార్ వైండింగ్ షాపు లేని మండల కేంద్రం అరుదు, రాగి తీగ చుట్టే చేతులు అక్కడ ఉన్నాయి. అయితే మోటారు 400 వోల్టులకు వాడే ఇన్సులేషన్, ఆంప్లిఫయర్ హెచ్‌టీకి కావాల్సిన పొర పొరకూ మధ్య కాగితం, రెండూ ఒకటి కావు. చుట్టించేటప్పుడు ఆ సంగతి చెప్పి, పాత చుట్ల లెక్క, తీగ గేజి రాసిపెట్టుకోవాలి. ఇతర విడిభాగాలకు మాత్రం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్లక తప్పదు.

రెక్టిఫయర్ వాల్వు పోతే సిలికాన్ డయోడ్లు పెట్టేయడం మామూలైపోయింది. అది జరిగే పనే, కాని లెక్క చూసుకోకుండా చేస్తే మిగతా సెట్టు దెబ్బతింటుంది. 5వై3 తనలో తాను 125 మిల్లీఆంపియర్ల దగ్గర 60 వోల్టుల దాకా మింగుతుంది. జీజెడ్34 225 మిల్లీఆంపియర్ల దగ్గర కూడా 17 వోల్టులే మింగుతుంది. డయోడు ఒక వోల్టు మించి మింగదు, కాబట్టి 5వై3 తీసి డయోడు పెడితే హెచ్‌టీ ఆమేరకు పైకెక్కుతుంది. పైగా స్విచ్ వేసిన మరుక్షణమే పూర్తి వోల్టేజీ వస్తుంది, అవుట్‌పుట్ వాల్వు ఇంకా చల్లగా ఉండగానే. అప్పటికి కరెంటు లాగేవాళ్లు లేరు కనుక 300-0-300 చుట్టు కండెన్సర్లను 424 వోల్టుల శిఖరం దాకా నింపేస్తుంది. డయోడు మీద ఎదురుగా పడేది దానికి రెట్టింపు, దాదాపు 850 వోల్టులు. 1ఎన్4007 తట్టుకునేది 1000. లైను వోల్టేజీ 250 దాటే రాత్రుళ్లలో ఆ మిగులు బాగా సన్నబడుతుంది. పక్కకు రెండేసి డయోడ్లు సీరీస్‌లో పెట్టి, వోల్టేజీ తగ్గించే వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి చేర్చడం సరైన పద్ధతి. దానికన్నా అదే నంబరు వాల్వు దొరికితే అదే వేయడం ఎంతో మేలు. కొత్త రెక్టిఫయర్ పెట్టాక మొదటి కండెన్సర్‌ను ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు, జీజెడ్34కు 60 మైక్రోఫారడ్లు హద్దు, 5వై3కి అంతకన్నా చాలా తక్కువ.

కండెన్సర్లు ఎండిపోయే సంగతికి ఇక్కడి ఎండలతో నేరుగా సంబంధం ఉంది. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపల అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది, దాన్ని తడిపి ఉంచే ద్రవం ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ కండెన్సర్ ఆయుష్షు సగమవుతుందని తయారీదార్లు వాడే అంచనా. మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలు ఉంటుంది, రేకుల కప్పు కింది గదిలో ఇంకా ఎక్కువ, రెక్టిఫయర్ వాల్వు పక్కనున్న డబ్బా దగ్గర మరీ ఎక్కువ. అడుగున రబ్బరు ఉబ్బినా, గోధుమ రంగు జిగట కనిపించినా దాన్ని మార్చేయడమే. పైకి బాగున్నా ఏళ్ల తరబడి పడి ఉన్న కండెన్సర్‌కు ఒక్కసారిగా వోల్టేజీ ఇవ్వకూడదు, వాడని కాలంలో ఆ ఆక్సైడ్ పొర పలచబడుతుంది. 47 కిలోఓముల రెసిస్టర్ గుండా మెల్లగా నింపుతూ, రెసిస్టర్ మీది వోల్టేజీ చూడాలి. అక్కడ 47 వోల్టులుంటే లీకేజీ ఒక మిల్లీఆంపియర్ అన్నమాట. కొన్ని గంటల్లో అది బాగా దిగిపోతే కండెన్సర్ బతికినట్టే. దిగకపోతే, దిగినా చెయ్యి పెడితే వెచ్చగా ఉంటే, దాని మీద ఆశ వదులుకోవాలి.

పవర్ సప్లై మీద నింద పడేట్టు చేసే లోపం ఒకటుంది. హెచ్‌టీ తక్కువ, రెక్టిఫయర్ వేడెక్కుతుంది, అయినా సప్లైలో ఏదీ చెడలేదు. కారణం ఎక్కువ కరెంటు లాగే అవుట్‌పుట్ వాల్వు. ఈఎల్84ను తీసుకుంటే 250 వోల్టుల దగ్గర ప్లేటు 48, స్క్రీను 5.5 మిల్లీఆంపియర్లు లాగాలి. కాథోడ్ రెసిస్టర్ 135 ఓములు, దాని మీద 7.2 వోల్టులు ఉండాలి. మీటర్ అక్కడ 12 వోల్టులు చూపిస్తే వాల్వు 89 మిల్లీఆంపియర్లు లాగుతోందన్నమాట. ప్లేటు భరించగలిగేది 12 వాట్లు, పడుతున్నది 20కి అటూఇటూ. దీపాలు ఆర్పి చూస్తే ప్లేటు మధ్యలో ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. ఇంత లాగడానికి తరచుగా ముందరి వాల్వును దీనికి కలిపే కాగితపు కప్లింగ్ కండెన్సరే కారణం. గ్రిడ్డు దగ్గర సున్నా ఉండాల్సిన చోట ఒక వోల్టు ప్లస్ కనిపిస్తే దాన్ని మార్చాలి. అది మార్చకుండా వాల్వు మారిస్తే కొత్త వాల్వు కూడా ఎర్రబడుతుంది.

చివరిది ఎర్తు. ఈ రెండు జిల్లాల నేల ఎక్కువగా గ్రానైటు మీద పలచగా పరుచుకున్న ఎర్ర మట్టి, మొరం. వర్షాకాలంలో బాగుండే ఎర్తు గుంట ఏప్రిల్ నాటికి ఎండిపోయి దాని నిరోధం బాగా పెరుగుతుంది. రెండున్నర మీటర్ల పైపు దిగాల్సిన చోట మీటరుకే బండ తగిలి ఆపేసినవీ ఉన్నాయి. అలాంటి ఇంట్లో ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నుంచి చాసిస్‌కు కొద్దిగా లీకేజీ ఉన్నా మైకు పట్టుకున్న చేతికి తిమ్మిరి వస్తుంది, హమ్ కూడా వదలదు. ప్లగ్గు తిప్పి పెడితే తిమ్మిరి తగ్గుతుందని కొందరు అలాగే నడిపిస్తారు, లీకేజీ మాత్రం అక్కడే ఉంటుంది. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రైమరీకి చాసిస్‌కు మధ్య కొలిచి, మెగా ఓముల్లో రాకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటికి తీయాలి. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీళ్లు పోయడం ఇంటి పని, మెకానిక్ పని కాకపోయినా అతను చెప్పి తీరాల్సిన పని.

బాగుచేసిన సెట్టును సీరీస్ బుగ్గ మీద, ఆ తర్వాత నేరుగా లైను మీద కనీసం రెండు గంటలు నడిపి, హెచ్‌టీ, హీటర్, కాథోడ్ వోల్టేజీలను పావుగంటకోసారి రాసుకోవాలి. ఇదే కొలతను మోటార్లు నడిచే పొద్దున, లోడు తగ్గిన అర్ధరాత్రి విడివిడిగా తీసి, వచ్చిన లైను వోల్టేజీని బట్టి సెలెక్టర్ ట్యాపు ఎంచుకుని, సరైన విలువ ఉన్న ఫ్యూజు వేసి, ఆ విలువను మూత లోపల కాగితం మీద రాసి అంటించాలి.